తోటకో సంఘం, ఊరికో తీర్మానం

నూజివీడు రసాల పేరు వినని తెలుగిల్లాలు ఉంటుందనుకోను. చిన్నరసం, పెద్దరసం, చెరుకురసం... పేర్లు తలుచుకుంటేనే మోచేతులదాకా కారినట్టుంటుంది. బంగినపల్లి కోసుకు తినాలి, రసం మెత్తగా పిసికి పీల్చాలి, కలెక్టరుకాయ ఉప్పూకారం అద్దుకుని కొరకాలి. ఈ శాస్త్రం మాకు అమ్మమ్మగారింట్లో ఓనమాలకంటే ముందే వచ్చేసింది. వేసవి సెలవులకి వెళితే నడవలో వరిగడ్డి పరిచి కాయలు మాగేసేవారు. రాత్రిపూట ఆ వాసనకి నిద్రపట్టేది కాదు. చప్పుడు కాకుండా లేచి గడ్డిలో చెయ్యి పెట్టి తడుముతూంటే, చీకట్లోంచి మా పిన్ని గొంతు వినిపించేది: "మెత్తటిది తీసుకో. గట్టిదాన్ని నొక్కకు, రేపటికి పాడైపోతుంది."

ఆ పిన్ని గురించే ఇది రాస్తున్నాను. కథ మటుకు కాదు, చరిత్ర. నవలలు రాసుకునేదానికి చరిత్రతో పనేమిటంటారేమో! బి.ఏ.లో చదివిన చరిత్ర ఇన్నాళ్ళకి ఎందుకైనా పనికొచ్చింది, పోనివ్వండి.

తాతయ్య వేసిన ఆ తోట ఇప్పుడు లేదు. అక్కడ సున్నం కొట్టిన రాళ్ళున్నాయి, రాళ్ళమధ్య మోకాలెత్తు గడ్డి ఉంది. మీరూ చూసే ఉంటారు, ఏ రోడ్డుమీద ప్రయాణం చేసినా అవే రాళ్ళు. ఆ రాళ్ళని చూసినప్పుడు నాకు ఒక సందేహం వచ్చింది. తోట ఇళ్ళస్థలాలు కావాలంటే ఎవర్నడగాలి? అమ్మేవాడికీ కొనేవాడికీ ఇష్టమైతే సరిపోతుందా? మధ్యలో ఊరికేమైనా నోరుందా?

ఉండేదట, ఒకప్పుడు. మద్రాసుకి దక్షిణాన, కాంచీపురం జిల్లాలో ఉత్తరమేరూరు అనే ఊరుంది. చోళరాజు మొదటి పరాంతకుడి కాలంలో, 919లో ఒకసారీ 921లో ఇంకోసారీ, ఆ ఊరివాళ్ళు తమ సభ ఎలా నడవాలో రాతిమీద చెక్కించుకున్నారు. ఊరు 30 వాడలు. అర్హత ఉన్నవాళ్ళ పేర్లు తాటాకుముక్కలమీద రాసి కుండలో వేసేవారు. ఓ చిన్నపిల్లవాడిని పిలిచి తీయమనేవారు. అలా వచ్చినవాళ్ళలో సంవత్సరసంఘానికి 12 మంది, చెరువుసంఘానికి ఆరుగురు, తోటసంఘానికి 12 మంది. అవునండీ, తోటలకి ప్రత్యేకంగా ఒక సంఘం! వెయ్యేళ్ళకి పైబడిన మాట ఇది.

ఇందులో నాకు బాగా నచ్చింది అనర్హుల జాబితా. అంతకుముందు పదవిలో ఉండి లెక్కలు అప్పజెప్పనివాడి పేరు కుండలో వేయకూడదు. వాడితో సరా? వాడి తండ్రి, కొడుకు, మామగారు, బావమరిది, అల్లుడు, మేనమామ, మేనత్తకొడుకు, పెద్దమ్మ చిన్నమ్మల కొడుకులు... ఎవరి పేరూ వేయకూడదు! శుభలేఖలు పంచేందుకు మనం రాసుకునే జాబితా కూడా ఇంత పూర్తిగా ఉండదు. చుట్టరికం ఎక్కడెక్కడ దూరుతుందో ఆ పెద్దమనుషులకి బాగా తెలిసినట్టుంది. అయితే ఏమాటకామాటే చెప్పుకోవాలి. అది బ్రాహ్మణుల అగ్రహారం, భూమున్న మగవాళ్ళ సభ. తోటలో కలుపుతీసే ఆడవాళ్ళని ఎవరూ ఏమీ అడగలేదు.

ఇక మన నూజివీడు. ఇది మేకావారి జమీ, అప్పారావు వారి బిరుదు. పంపకాల్లో అది ముక్కలై మీర్జాపురం, ఉయ్యూరు, తేలప్రోలు లాంటి చిన్నచిన్న జమీలుగా విడిపోయింది. (మీర్జాపురం రాజావారు మద్రాసులో శోభనాచలా స్టూడియో పెట్టి సినిమాలు తీశారు. ఆగిరిపల్లి కొండమీద స్వామి పేరు కూడా శోభనాచలపతే!) జమీందారీలో రైతు తన భూమిని ఏం చేసుకోవచ్చో చెప్పింది 1908లో వచ్చిన మద్రాసు ఎస్టేట్సు లాండు చట్టం. భూమిని రైతు ఎలాగైనా వాడుకోవచ్చు, కాని దాని విలువ బాగా తగ్గేటట్టుగానో, అది సాగుకి పనికిరాకుండా పోయేటట్టుగానో మాత్రం వాడకూడదు. అలా చేస్తే జమీందారు కోర్టుకెళ్ళి రైతుని ఖాళీ చేయించవచ్చు. మా తాతయ్య తండ్రి ఆ రోజుల్లో తోట నరికి ఇళ్ళస్థలాలు చేస్తానని ఉంటే, ఆపే హక్కు దివాణానికి ఉండేదన్నమాట! దివాణానికి మామిడిచెట్లమీద ప్రేమా? కాదు, శిస్తుమీద. కారణం ఏదైతేనేం, అడిగేవాడు ఒకడుండేవాడు.

ఊళ్ళో ఇళ్ళుండే చోటుకి రికార్డుల్లో 'గ్రామకంఠం' అని పేరు. ఎవరు పెట్టారోగాని ఎంత చక్కని పేరు! ఆ కంఠం లోపల ఇల్లు కట్టుకోవడం పెద్ద విషయం కాదు. పెద్దమనుషులూ కరణంగారూ తలూపితే పునాది పడిపోయేది. కంఠం దాటి పొలంలోకి అడుగుపెట్టినప్పుడే తంటా.

1948లో ఎస్టేటుల రద్దు చట్టం వచ్చి జమీందారులు పోయారు, రైతులకి పట్టాలొచ్చాయి. దివాణం చేతిలోని ఆ పాత ప్రశ్న ఎవరి చేతికి రావాలి? రావలసింది పంచాయతీకే. 1959లో నెహ్రూగారు షాద్‌నగర్ వచ్చి మన రాష్ట్రంలో పంచాయతీరాజ్యాన్ని ప్రారంభించారు. 1964లో ఆంధ్రకీ తెలంగాణకీ కలిపి ఒకే గ్రామపంచాయతీల చట్టం చేశారు. 1984 జనవరిలో రామారావుగారి ప్రభుత్వం కరణం మునసబుల పదవులు తీసేసింది. తర్వాత 1994 పంచాయతీరాజ్ చట్టం. పంచాయతీ అనుమతి లేకుండా ఊళ్ళో ఎవరూ లేఅవుటు వేయకూడదు, ఇల్లు కట్టకూడదు అని అందులో స్పష్టంగానే ఉంది. 2002లో వచ్చిన నిబంధనల ప్రకారం లేఅవుటులో రోడ్లతోపాటు కనీసం పదోవంతు ఖాళీస్థలం వదిలి, దాన్ని దానపత్రం రాసి పంచాయతీకి అప్పగించాలి. పటం తాలూకు సాంకేతిక మంచిచెడ్డలు టౌన్‌ప్లానింగువాళ్ళు చూస్తారు. తీర్మానం మాత్రం ఊరిది.

ఇంగ్లండులో ఈ ప్రశ్నని 1947లోనే చట్టంలో బిగించేశారు. భూమి నీదే అయినా దాని వాడకం మార్చాలంటే స్థానిక కౌన్సిలుని అడిగి తీరాలి. అక్కడ పల్లెటూళ్ళో ఓ గొడ్లపాక ఇల్లు కావాలన్నా దరఖాస్తు, ఇరుగుపొరుగుల అభ్యంతరాలు, సభ, చర్చ! మనవాళ్ళు మాత్రం ముందు రాళ్ళు పాతేసి తర్వాత అడగడం నేర్చుకున్నారు. ప్రభుత్వం కూడా ఏం తక్కువ తినలేదు. 2007 డిసెంబరు 31న అనుమతిలేని లేఅవుట్లని రుసుము కట్టించుకుని క్రమబద్ధం చేస్తామంటూ ఉత్తర్వు ఇచ్చింది. 2020లో మళ్ళీ అలాంటిదే. ఇంట్లో పిల్లాడు తప్పుచేస్తే రూపాయి తీసుకుని ముద్దుపెట్టుకుంటే వాడు బాగుపడతాడా, మీరే చెప్పండి!

సరే, మా పిన్ని దగ్గరికి వద్దాం. పిన్నిని ఉన్న ఊళ్ళోనే ఇచ్చారు. పంచాయతీల్లో ఆడవాళ్ళకి మూడోవంతు ఉన్న స్థానాలు సగం చేస్తూ 2011లో చట్టం సవరించారు. 2013 జూలైలో ఎన్నికలొచ్చేసరికి వాళ్ళ వార్డు ఆడవాళ్ళకొచ్చింది. బాబాయి నిలబడదామనుకున్నది పిన్నిని నిలబెట్టాల్సి వచ్చింది. నెగ్గింది. ఆ పంచాయతీకి సర్పంచి కూడా ఆవిడే, అంటే ఇంకో ఆవిడ. ఆవిడ కుర్చీలో వాళ్ళాయన కూర్చునేవాడు. ఇది మా ఊరికే ప్రత్యేకమైన వింతేమీ కాదని మీకు తెలుసు. పిన్ని మాత్రం ప్రతి మీటింగుకీ తనే వెళ్ళేది, చీరకొంగు భుజంనిండా కప్పుకుని, కళ్ళజోడు పెట్టుకుని.

2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయింది. కొత్త రాజధాని ఎక్కడ? ఆ వేసవిలో నూజివీడు, ఆగిరిపల్లి, గన్నవరం చుట్టుపక్కల ఎవర్ని కదిపినా ఇదే మాట. "ఇక్కడేనటండీ!" అని ఒకరు, "హనుమాన్‌జంక్షన్ నుంచి కొలుస్తున్నారట" అని ఇంకొకరు. కాయ ధర అడిగేవాడు లేడు, ఎకరం ధర అడిగేవాడే అందరూను. సారవంతమైన పొలాలు పోగొట్టుకోవద్దని ఆగస్టులో శివరామకృష్ణన్ కమిటీ చెప్పింది గాని, ఆ గోలలో ఎవరు విన్నారు? మా మావయ్యలిద్దరూ తోటకి బయానా తీసుకున్నారు. తప్పుపట్టను. రెండేళ్ళుగా పూత నిలవక, మందుల ఖర్చు కూడా రాక, కాపుకొన్న వ్యాపారి మొహం చాటేస్తే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? పెద్దమావయ్య కూతురు పెళ్ళి దగ్గరపడింది. కొన్న పార్టీ బయటిది. లేఅవుటుకి అనుమతి వచ్చాకే మిగతా సొమ్ము అన్నారు.

దరఖాస్తు పంచాయతీకి వచ్చింది. ఎజెండాలో ఆరో అంశం. వీధిలైట్ల తర్వాత, పన్నుల బకాయిలకి ముందు. కార్యదర్శి చదివాడు, సర్పంచి భర్తగారు "అందరికీ ఓకేనా?" అన్నాడు. పుస్తకం సంతకాలకి బయల్దేరింది. పిన్ని దాకా వచ్చి ఆగింది.

"ఆ పటం ఓసారి ఇట్లా ఇవ్వు బాబూ" అందట.

ఇచ్చారు. పిన్ని పుట్టి పెరిగిన తోట అది. ఏ మూల ఏ చెట్టుందో కళ్ళుమూసుకుని చెప్పగలదు. తోటకి పడమట గట్టువారగా ఓ కాలువ ఉండేది. మా చిన్నప్పుడు ఎండాకాలం అది ఎండిపోయి ఉంటే అందులో గోలీలాడేవాళ్ళం. వానాకాలంలో మెట్టమీద పడ్డ నీరంతా దాంట్లోంచే ఊరిచెరువులోకి దిగేది. కృష్ణ కాలువలు ఎక్కని ప్రాంతం, చెరువు నిండితేనే బావుల్లో నీరు. పటంలో ఆ కాలువమీద నుంచి రోడ్డు గీసి ఉంది.

"చెరువులోకి నీళ్ళొచ్చే దారి ఇందులో ఎక్కడుంది?"

ఎవరూ మాట్లాడలేదట. తర్వాత ఒకాయన నవ్వి, "ఏమ్మా, నీ తమ్ముళ్ళ పనేగా, నువ్వే అడ్డం పడితే ఎట్లా?" అన్నాడు.

"తమ్ముళ్ళ పని కాబట్టే అడుగుతున్నా. రేపు చెరువు ఎండితే మా పుట్టింటివాళ్ళనేగా అంటారు" అందట పిన్ని.

కాలువ చూపిస్తూ కొత్త పటం వచ్చేదాకా వాయిదా పడింది. నెలరోజులకి పైనే పట్టింది. ఈలోపల సెప్టెంబరు 4న రాజధాని విజయవాడ పరిసరాల్లో అని శాసనసభలో ప్రకటించారు. ఏడాది చివరికల్లా అది కృష్ణకి అవతల తుళ్ళూరువైపని తేలిపోయింది. మావైపు ధరలు దబ్బున పడ్డాయి. పార్టీ బేరం తిరగతోడింది. మావయ్యలకి అనుకున్నదాంట్లో బాగా తగ్గించి ఇచ్చి, అదీ రెండు దఫాలుగా ఇచ్చారు. మొదటి మీటింగులోనే సంతకాలైపోతే సొమ్ము ముందే చేతికొచ్చేదని మావయ్యలు ఈనాటికీ అంటారు. అది నిజమో కాదో నేను చెప్పలేను. పెళ్ళి అప్పుతో జరిగింది. ఆ సంక్రాంతికి పిన్నికి పుట్టింటి చీర రాలేదు. తర్వాత మరో రెండు సంక్రాంతులకీ రాలేదు. ఆడదానికి అదెంత బాధో వేరే చెప్పాలా? పిన్ని ఎవరితోనూ అనలేదుగాని, పండగపూట పెట్టె తీసి అమ్మమ్మ నాటి చీరే కట్టుకునేదని బాబాయి చెప్పాడు.

పంచాయతీ 'కాదు' అని నిలబడ్డ ఊళ్ళూ ఉన్నాయి. కేరళలో పెరుమాట్టి పంచాయతీ 2000లో ప్లాచిమడలో కోకాకోలా ఫ్యాక్టరీకి తనే అనుమతి ఇచ్చింది. బావుల్లో నీళ్ళు చెడిపోయాయి, అడుగంటాయి. 2002లో మయిలమ్మ అనే గిరిజన స్త్రీ ముందుండి ఆడవాళ్ళందర్నీ ఫ్యాక్టరీ ఎదుట కూర్చోబెట్టింది. 2003 ఏప్రిల్లో పంచాయతీ లైసెన్సు పొడిగించనంది. 2004లో ఫ్యాక్టరీ ఆగింది. 2005లో హైకోర్టు ధర్మాసనం కంపెనీవైపే మొగ్గింది, అయినా ఫ్యాక్టరీ మళ్ళీ తెరుచుకోలేదు. ఆ పంచాయతీ కూడా మొదట 'సరే' అనే రాసిందని మర్చిపోకూడదు. అడగవలసిన ప్రశ్న మొదటిరోజున ఎవరికీ తట్టలేదు, తట్టినా ఎవరూ అడగలేదు.

2022లో నూజివీడు కృష్ణాజిల్లాలోంచి ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది. మామిడి తీసేసి ఆయిల్‌పామ్ వేసేవాళ్ళు ఎక్కువయ్యారు. మా తాతయ్య తోటలో ఇళ్ళు లేచినవి మూడో నాలుగో. పంచాయతీకి దఖలుపడ్డ పదోవంతు స్థలంలో గేదెలు మేస్తున్నాయి. కాలువ మాత్రం ఉంది. రాళ్ళవరసల మధ్య వంకరగా, పటంలో లావుగీతతో తర్వాత చేర్చినట్టే, పడమటివారగా సాగిపోతోంది.

మొన్న వేసవిలో ఊరెళ్ళినప్పుడు, ఇది రాద్దామన్న ఉద్దేశంతో ఆనాటి తీర్మానాల పుస్తకం చూపించమని అడిగాను. చూపించారు. ఉత్తరమేరూరు రాయి లెక్కలెగ్గొట్టినవాడి మేనత్తకొడుకుని కూడా వదలకుండా రాసిపెట్టుకుంది కదా, ఇక్కడేముందో అని ఆత్రంగా పేజీలు తిప్పాను. "లేఅవుటు దరఖాస్తుపై చర్చించి, సవరించిన ప్లాను ఆమోదించడమైనది." అంతే. ఎందుకు సవరించారో లేదు. ఎవరు అడిగారో లేదు. కింద సంతకాల్లో పిన్నిది ఉంది, గుండ్రటి అక్షరాలతో.

ఇంటికొచ్చి ఉడుక్కుంటూ చెప్పాను. "నీ మాట ఒక్క ముక్కయినా రాయలేదు పిన్నీ!"

పిన్ని జాడీకి వాసెన కడుతోంది. "రాయకపోతే పోనీలేవే. మొన్న వానకి చెరువు సగానికొచ్చింది" అని, ముడి బిగించి జాడీ నాకందించింది. "ఇది కారులో కాళ్ళదగ్గర నిలబెట్టుకో. ఒరిగిందంటే నూనంతా పోతుంది."