లాక్-మెగాంటిక్ : ముడి చమురు రైలు ఉదంతం

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి వ్రాయవలసిందిగా కార్యదర్శి గారు కోరారు. రాయల కాలం గురించీ, నైజాం కాలం గురించీ మనలో పండితులు ఎలాగూ వ్రాస్తారు గనుక నేను మొన్నటి చరిత్రను ఎంచుకున్నాను. అది మన దేశంలో జరిగినది కాదు. అయినా సర్వీసంతా ఫైళ్ళ మధ్య గడిపిన నాకు, దాని వివరాలు చదువుతుంటే పరాయి దేశపు సంగతి అనిపించలేదు.

కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో సరస్సు ఒడ్డున లాక్-మెగాంటిక్ అనే చిన్న ఊరు ఉన్నది. జనాభా సుమారు ఆరు వేలు. రైలు పట్టాలు ఊరి నడిబొడ్డు గుండా పోతాయి. ఆ రోజుల్లో అమెరికాలోని నార్త్ డకోటాలో బాకెన్ అనే ప్రాంతం నుండి ముడి చమురు విపరీతంగా రాసాగింది. దానికి తగినన్ని పైపులైన్లు లేవు. అందుచేత సరుకును రైలెక్కించారు. కెనడాలో 2009లో దాదాపు 500 వ్యాగన్ల చమురు రైలు మీద వెళ్ళగా, 2013 నాటికి అది 1,60,000 వ్యాగన్లకు చేరింది. పని ఇన్ని రెట్లు పెరిగితే మనుషులను కూడా పెంచాలి కదా! అక్కడి కంపెనీ అందుకు విరుద్ధంగా, సుమారు ఏడాది ముందు నుండి ఒకే ఒక్క మనిషితో బండ్లు నడపసాగింది.

2013 జూలై 5 రాత్రి 72 ట్యాంకు వ్యాగన్లతో, దాదాపు కిలోమీటరున్నర పొడవున్న బండిని డ్రైవరు ఊరికి 11 కిలోమీటర్ల ఎగువన నాంట్ అనే చోట మెయిన్ లైను మీదనే ఆపాడు. అక్కడి వాలు వందకు 1.2 మాత్రమే. కంటికి ఆనదు. అతను ఏడు చేతి బ్రేకులు బిగించాడు. ఇటువంటి బండికి కనీసం 17, బహుశా 26 దాకా కావలసి ఉండెనని తరువాత దర్యాప్తులో తేలింది. బ్రేకులు చాలునా అని పరీక్షించాడు గానీ, ఇంజన్ల గాలి బ్రేకు విప్పకుండానే పరీక్షించాడు. బండి కదలలేదు. నిజానికి దానిని పట్టి ఉంచింది ఎక్కువగా ఆ గాలి. ఇంజను తిరుగుతూ ఉంటేనే గాలి నిండుతుంది. ఇంజనును అలాగే ఉంచి, అతను టాక్సీలో లాక్-మెగాంటిక్‌లోని హోటలుకు పోయి పడుకున్నాడు.

ఇక ఆ ఇంజను సంగతి. ఎనిమిది నెలల క్రితం చెడిపోతే త్వరగా పనిలోకి తేవాలనీ, ఖర్చు కలిసిరావాలనీ, సరైన రిపేరు బదులు జిగురు వంటి పదార్థంతో అతికించి పంపారు. ‘ప్రస్తుతానికి కానివ్వండి’ అనే మాట మనం ఎన్ని నోట్ ఫైళ్ళలో చూడలేదు! ఆ అతుకు విడిపోయి, ఆ రాత్రి ఇంజనులో మంటలు లేచాయి. ఫైరింజను వారు వచ్చి నిబంధన ప్రకారం ఇంజను ఆపి, మంటలార్పారు. రైల్వే తరఫున వచ్చినవాడు పట్టాల పని చూసే ఉద్యోగి. ఇంజన్ల విషయం అతనికి తెలియదు. అంతా సవ్యంగా ఉన్నదని అందరూ వెళ్ళిపోయారు. ఎవరి పని వారు చేశారు. గాలి మాత్రం మెల్లగా తగ్గసాగింది.

ఒంటిగంట కాబోతుండగా బండి తనంతట తానే కదిలింది. మనిషి లేడు, దీపం లేదు. ఊరి మలుపు చేరేసరికి వేగం గంటకు 104 కిలోమీటర్లు. 63 వ్యాగన్లు పట్టాలు తప్పాయి, సుమారు 60 లక్షల లీటర్ల చమురు ఒలికి మండింది. 47 మంది మరణించారు. వారాంతపు రాత్రి గనుక పట్టాల పక్కనున్న ఒక కాఫీ హోటలు జనంతో నిండి ఉండెను.

ముడి చమురు జిడ్డుగా ఉంటుంది, అంత సులభంగా అంటుకోదు అని సామాన్యుల అభిప్రాయం. ఈ చమురు అటువంటిది కాదు, ఇంచుమించు పెట్రోలు లాగానే ఆవిరయ్యే గుణం గలది. కానీ వెంట వచ్చిన పత్రాలలో దానిని తక్కువ అపాయం గల తరగతిగా వ్రాశారు. ఒక్క కాలమ్‌లో అంకె తప్పు! సెక్షన్లో కూర్చుని పనిచేసిన మనకు దీని బరువు వేరే చెప్పనక్కరలేదు. ఇక డాట్-111 అనే ఆ పాత రకం వ్యాగన్లు బలహీనమైనవని నిపుణులు ఏళ్ళ తరబడి చెబుతూనే ఉన్నారు. బోల్తాపడిన వాటిలో దాదాపు అన్నింటికీ చిల్లులు పడ్డాయి.

పైపులైను వేసి ఉంటే ఈ బాధ ఉండేది కాదు కదా అని మిత్రులొకరు అన్నారు. ఆ మరుసటి ఏడాదే, 2014 జూన్ 27న, అప్పటి తూర్పు గోదావరి జిల్లా నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయిన సంగతి ఆయనకు గుర్తు చేశాను.

ప్రమాదమైన నెలలోనే అపాయకరమైన సరుకు బండ్లకు ఒక్క మనిషి చాలడని కెనడా ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. డాట్-111 వ్యాగన్లలో ముడి చమురు పంపడాన్ని 2016 నవంబరు నుండి నిషేధించింది. కంపెనీ అప్పటికే దివాలా తీసింది. నేర నిర్లక్ష్యం కేసులో డ్రైవరు, ట్రాఫిక్ కంట్రోలరు, ఆపరేషన్స్ మేనేజరు బోనెక్కారు. 2018 జనవరిలో జ్యూరీ ముగ్గురినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. ఆ ముగ్గురిలో ఇంజనుకు అతుకు వేసినవారు గానీ, సరుకు పత్రం పూర్తిచేసినవారు గానీ ఎవరూ లేరు.