దొంగల పట్టీలో ఎవరి పేర్లు?

చిత్తూరు జిల్లా ఏర్పడిందీ, నేరస్థ తెగల చట్టం మద్రాసు ప్రెసిడెన్సీలోకి వచ్చిందీ 1911లోనే. మొదటిది అందరికీ గుర్తుంది. రెండోదాన్ని ఎరుకల వాళ్లు మర్చిపోలేదు.

అంతకుముందు వాళ్లు ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పూ ధాన్యం వేసుకుని ఊరూరా అమ్మినవాళ్లే. ఉప్పు పన్నూ రైలుబండీ ఆ బతుకు తీసేశాయి. తీసేసినోళ్లే దొంగలన్నారు. ఇక వేలిముద్రలు, స్టేషన్లో హాజరు. దొంగతనం చేశాడా అని కాదు, ఎవరి కడుపున పుట్టాడన్నదే లెక్క. మద్రాసులో 1947లో ఆ చట్టం పోయింది. మరుసటేడే పాత నేరస్థుల చట్టమొచ్చింది.

తిరుపతిలో యాత్రికులతో పాటు దొంగల భయమూ పెరిగింది. అది ఉత్త భయమేం కాదు, కొండకొచ్చి డబ్బు పోగొట్టుకున్న పేదోడి ఏడుపు మాకూ తెలుసు. పేచీ అల్లా, అనుమానం ముందు ఎవరింటికి పోతుందనే.

ఆ చూపు ఎరుకలతో ఆగలేదు. 2015 ఏప్రిల్ 7న చంద్రగిరి దగ్గర శేషాచలం అడవిలో 20 మంది తమిళ కూలీలను కాల్చిచంపారు. మా మీద దాడి చేశారన్నారు పోలీసులు. తమవాళ్లను బస్సులోంచి దించి పట్టుకుపోయారని సాక్షులు జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు చెప్పారు. చచ్చినవాళ్లలో జవ్వాదిమలై గిరిజనులున్నారు. ఎర్రచందనం దుంగల్ని ఓడకెక్కించి డబ్బు చేసుకునేవాళ్లు అడవికి రారు.