మోటో జీ: మధ్యశ్రేణి ఫోను మలుపు

మోటరోలా మోటో జీ 2013 నవంబరులో బ్రెజిల్‌లో విడుదలై, 2014 ఫిబ్రవరిలో ఫ్లిప్‌కార్ట్ ద్వారా భారత్‌కు వచ్చింది. 8 జీబీ ఫోను ధర రూ.12,499. అప్పట్లో ఆ ధరకు దొరికే ఫోన్లు చాలావరకు నత్తనడక నడిచేవి. వాటికి కొత్త ఆండ్రాయిడ్ అందడం అరుదు. మోటో జీ ఈ రెండు లోట్లనూ తీర్చింది. స్నాప్‌డ్రాగన్ 400 చిప్, 4.5 అంగుళాల హెచ్‌డీ తెర, రెండు సిమ్‌ల సదుపాయం దాని బలాలు.

బలహీనతలూ ఉన్నాయి. 5 మెగాపిక్సెల్ కెమెరా అంతంతమాత్రం. మెమరీ కార్డుకు చోటు లేకపోవడంతో పాటలు, ఫొటోలు దాచుకునేవారికి 8 జీబీ ఇట్టే నిండిపోయేది. అయినా ఆండ్రాయిడ్ 5.1 దాకా అప్‌డేట్లు అందాయి. ఫోను మెనూలన్నీ తెలుగులో చూసుకునే వీలు వచ్చింది ఆండ్రాయిడ్ 5.0 వెర్షన్‌తోనే.

2014 జూలైలో షావోమీ ఎంఐ 3 ఇదే ఫ్లిప్‌కార్ట్ బాటలో రూ.13,999కి వచ్చి, 13 మెగాపిక్సెల్ కెమెరాతో పోటీని పెంచింది.