గద్వాల కోటలో దాగినవాడు

ఇంటి తలుపునకు గడియ వేసికొనిన పిదప, ఆ గడియకు ఇవతలనే యొకడు దాగియున్నాడని తెలిసిన క్షణమున కలుగు భయము వేరు. వీధిలో దొంగ తిరుగుచున్నాడన్న భయమునకు తలుపే మందు. లోనివానికి ఆ తలుపే తోడు. ఈ మెలికను పట్టుకొని లోకమున చలనచిత్రకారులు ఎన్నియో చిత్రములు తీసిరి. మన తెలుగువారును తీసిరి. వానిలో మిక్కిలి జనాదరణ పొందినది కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాల పేరు చెప్పుకొని నడచిన కథ. 2009 జనవరి 16వ తేదీన, సంక్రాంతి దినములలో విడుదలయైన "అరుంధతి"ని చూచినవారు ఏమనుకొనిరో, ఆ యనుకొనుటలో నిజమైన గద్వాలకు ఏపాటి పాలు దక్కెనో నేడు శ్రోతలతో ముచ్చటింపదలచితిమి.

సినిమా ముచ్చట చరిత్ర యెట్లగునని కొందరడుగవచ్చును. దీనికి ఈ సీమవారే సమాధానము చెప్పియున్నారు. సురవరం ప్రతాపరెడ్డిగారి స్వగ్రామమైన ఇటిక్యాలపాడు నేటి గద్వాల జిల్లాలోనిదే. రాజుల దండయాత్రలు మాత్రమే గాక జనుల తిండి, బట్ట, ఆట, పాట, నమ్మకము లన్నియు చరిత్రయేనని "ఆంధ్రుల సాంఘిక చరిత్ర" ద్వారా 1949లో వారు నిరూపించిరి. ఆ దృష్టితో చూచినచో, ఒక తరము తెరముందు కూర్చుండి దేనికి జడిసినదో, దేనికి చప్పట్లు కొట్టినదో అదియు వ్రాసికొనదగినదే.

చిత్ర దర్శకులు కోడి రామకృష్ణ. నిర్మాత శ్యాంప్రసాద్ రెడ్డి. కథ తెలియనివారరుదు. గద్వాల సంస్థానపు రాజగృహమున అరుంధతి యను బాలిక. ఆమె యక్కను పెండ్లాడిన పశుపతి కాముకుడు, క్రూరుడు. అంధురాలైన నాట్యోపాధ్యాయినిని చెరచి చంపును. అక్క ప్రాణము తీసికొనును. అపుడా బాలిక ఆజ్ఞపై జనులు వానిని కొట్టి గుఱ్ఱమునకు కట్టి యీడ్పింతురు. వాడు చావక, అఘోరుల మధ్య క్షుద్రవిద్యలు నేర్చి తిరిగి వచ్చును. కడకు వానిని కోటలోనే సమాధి చేయుదురు. తరములు గడచిన పిమ్మట, అదే పేరు గల మునిమనుమరాలి కాలమున ఆ సమాధి కదలును. అనగా, కోట గోడల నడుమ ఒక పగవాడు దాగియుండగా, ఆ సంగతి నెఱుగకయే ఇంటివారు పెండ్లి పనులు చేసికొనుచుందురు.

ఈ చిత్రమునకు ఆడువారు తండోపతండములుగా కదలుటకు కేవలము భూతభయమే కారణమని మేము నమ్మము. భూతములు మన తెరకు క్రొత్తవి కావు. ఇందలి దుష్టుడు గోడకు కన్నము వేసి వచ్చినవాడు కాడు. మంగళవాద్యములతో, కాళ్లు కడిగించుకొని వచ్చిన అల్లుడు. "ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు" అన్న సామెత మన ముత్తవ్వల నుండి వచ్చినది. ఈశ్వరుడు పట్టలేనివానిని ఒక బాలిక పట్టినది. అక్క మగడని, పరువు పోవునని, పెద్దలు మాట దాచుకొను చోట ఆమె దాచలేదు. ఆ ఘట్టమే ఈ చిత్రమునకు ప్రాణమని మా యభిప్రాయము. రాయలసీమలో నాయనమ్మను పిలిచెడి "జేజి" యను పిలుపు, ఈ చిత్రము వలన "జేజమ్మ"యై తెలుగునాట ఎల్లెడల పాకినది.

వేరు మాట చెప్పినవారును లేకపోలేదు. హింస మితిమీరినదనియు, అఘోరులు, తంత్రములు, తాయెత్తులు చూపి మూఢత్వమును పెంచినారనియు ఆక్షేపించిరి. హింస మాట నిజమే. పిల్లలను వెంటబెట్టుకొని పోయిన తల్లిదండ్రులు కొంతసేపు వారి కన్నులు మూయవలసి వచ్చును. పశుపతి వేషమును సోనూ సూద్ ధరించగా, గొంతు రవిశంకర్ ఇచ్చిరి. "బొమ్మాళీ" యను ఆ పిలుపు ఎంత గాఢముగా నాటుకొనెననగా, గొంతు ఇచ్చినవారి పేరు ముందే అది బిరుదువలె నిలిచినది. మరి ఆ వేషధారియే 2020లో మహమ్మారి కాలమున వలస కూలీలను ఇండ్లకు చేర్చి జనులచే దండలు వేయించుకొనెను. ప్రేక్షకుని కోపము వేషముపైననే గాని మనిషిపైన కాదని దీనివలన తేలినది.

ఇట్టి చిత్రములలో దాగినవాడు ఎవ్వడను ప్రశ్నకు మనవారు ఇచ్చిన జవాబులు కాలముతో మారినవి. 1992లో రామ్ గోపాల్ వర్మ తీసిన "రాత్రి"లో దుష్టశక్తి నేలమాళిగ గల క్రొత్త ఇంటిలో కాపురముండి, ఆ యింటి కూతురి దేహమునందే చేరును. ఆయనయే 1999లో హిందీలో "కౌన్" తీసెను: వాన, ఒంటరి యిల్లు, ముగ్గురే మనుషులు, పాట లేదు. తలుపు తట్టినవానిని శంకించి శంకించి, భయపడుచున్న స్త్రీయే హంతకి యని తుదకు తెలిసికొని ప్రేక్షకులు నివ్వెరపోదురు. మోసపోతిమని కొందరు, భళీ యని కొందరు. 2019లో తెలుగు, తమిళ భాషలలో వచ్చిన "గేమ్ ఓవర్"లో చక్రాల కుర్చీలోనున్న యువతి యింటిపైకి ముసుగు హంతకులు వత్తురు. భయము వెలినుండి వచ్చు నీ కథలో నేర్పు మెండు. కాని ముసుగువానికి బంధుత్వము లేదు. "అరుంధతి" రేపిన రోతయు, పంతమును దీనియందు లేకుండుటకు అదియే హేతువని మాకు తోచును.

ఇక గద్వాల మాట. చిత్రకథ కల్పితము, సంస్థాన చరిత్రలో పశుపతి లేడు. తెరపై మనము చూచిన కోట సయితము గద్వాలది కాదు. అది తుంగభద్రకు ఆవల, నేటి నంద్యాల జిల్లా బనగానపల్లెలోని నవాబు బంగళా. జనులిపుడు దానిని అరుంధతి కోట యనియే పిలుచుచున్నారు. ఆ విధముగా ఒక ఊరికి కథ పేరు, ఇంకొక ఊరికి భయము దక్కినవి. ఇందు గద్వాలకు కొంత అన్యాయము జరిగినది. ఏలనన, సింహాసనమెక్కిన స్త్రీ అచట కల్పన కాదు. పదునెనిమిదవ శతాబ్దిలో లింగమ్మ, ఇరువదవ శతాబ్దిలో మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ సంస్థానము నేలిరి. దేవమ్మ 1924లో భర్త సీతారామ భూపాలుని మరణానంతరము భారము వహించి, కడపటి పాలకురాలై నిలిచెను. పండితాదరణచే "విద్వద్గద్వాల" యను పేరు వచ్చినది. తిరుపతి వేంకటకవులు వచ్చి అవధానపు బలిమి చూపిన ఆస్థానమది.

ఇరుగుపొరుగునను ఇదే తీరు. నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపురమున సురభివారి జటప్రోలు సంస్థానము కవులను పోషించినది. వనపర్తి సంస్థానపు కోడలు కుముదినీ దేవి 1958లో కుష్ఠురోగులకై శివానంద ఆశ్రమమును నెలకొల్పి, 1962లో హైదరాబాదు నగరాధ్యక్షురాలయ్యెను. ఊరివారు దూరముంచినవారికి తలుపు తీసిన ఆ రాణిని గూర్చి యెవ్వరును చిత్రము తీయలేదు. వనపర్తి రాజసౌధమున 1959 నుండి పాలిటెక్నిక్ నడచుచున్నది.

సోమనాద్రి కట్టించిన గద్వాల మట్టికోటలో సమాధులు వెదకబోవువారికి చెన్నకేశవస్వామి ఆలయము కనబడును. దాని చెంత, ఆదిలక్ష్మీ దేవమ్మ పేరనున్న ప్రభుత్వ కళాశాలలో బాలబాలికలు చదువుకొనుచుందురు.