సీఎల్‌ఎల్: ‘ఇప్పుడే మందు వద్దు’ అంటే అర్థం ఏమిటి?

క్రానిక్ లింఫోసైటిక్ లుకేమియా, అంటే సీఎల్‌ఎల్, నిదానంగా ముదిరే బ్లడ్ క్యాన్సర్. ఎక్కువగా పెద్ద వయసువాళ్లకే వస్తుంది. వేరే పనికి చేయించిన రక్తపరీక్షలో లింఫోసైట్లు ఎక్కువున్నాయని బయటపడటం మామూలే. చిత్తూరు వైపు కుటుంబాలు తిరుపతి స్విమ్స్‌కో, దగ్గరున్న వేలూరు సీఎంసీకో వెళ్తాయి. అక్కడ డాక్టరు ‘ఇప్పుడే మందు వద్దు, చూస్తూ ఉందాం’ అంటే, అబ్బాకు ఇక లాభం లేదనేమోనని ఇంట్లోవాళ్లు హడలిపోతారు. అది చేతులెత్తేయడం కాదు. లక్షణాల్లేని తొలిదశలో ముందుగా మందు వాడినా ఆయుష్షు పెరగలేదని పరిశోధనల్లో తేలింది.

జబ్బు ఎవరిలో త్వరగా ముదురుతుందో అంచనాకు జోధ్‌పూర్‌లో పుట్టిన డాక్టర్ కాంతి రాయ్ 1975లో దశలు ఏర్పరిచారు. ఇప్పుడు సీఎల్‌ఎల్-ఐపీఐ లెక్క ఉంది. మొత్తం 10 పాయింట్లు: టీపీ53 జన్యువు దెబ్బతింటే 4, ఐజీహెచ్‌వీ జన్యువు మారకుండా ఉంటే 2, రక్తంలో బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ లీటరుకు 3.5 మిల్లీగ్రాములు దాటితే 2, వయసు 65 దాటితే 1, దశ ముదిరితే 1.

ఈ బీటా-2 కణాల పైన ఉండే ప్రోటీన్. రోగనిరోధక కణాలు మన కణాలేవో, సోకినవేవో గుర్తుపట్టడంలో దానికి పాత్ర ఉంది. రక్తంలో చేరిన దాన్ని వడగట్టేది కిడ్నీలు. షుగర్, బీపీలతో కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లలో జబ్బు ముదరకపోయినా ఆ అంకె పెరుగుతుంది. అందుకే క్రియాటినిన్ రిపోర్టు కూడా చూపించాలి. ఐఎల్-6, సీసీఎల్3 వంటి సంకేత ప్రోటీన్లు ఇంకా పరిశోధనలకే ఎక్కువ పరిమితం. వాటికి సొంతంగా డబ్బు పోయనక్కర్లేదు.

జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, గడ్డలు త్వరగా పెరగడం కనిపిస్తే మాత్రం తేదీ కోసం ఆగకూడదు.