కవులు లేరన్న చోట 354 మంది

1928 ఫిబ్రవరి నుంచి ఆగస్టు వరకు సూరత్ జిల్లా బార్డోలీ తాలూకా రైతులు, 22 శాతం పెంచిన భూమిశిస్తును చెల్లించబోమని వల్లభ్‌భాయి పటేల్ నాయకత్వంలో నిలబడినప్పుడు, ఆ ఒక్క తాలూకాకు సొంతంగా ఒక సత్యాగ్రహ పత్రిక ఉండేది. గుజరాతీలో అచ్చయిన ఆ చిన్న పత్రం గ్రామగ్రామానికీ చేరేది. ఫూల్‌చంద్‌భాయి పాటలను భజన బృందాలు ఊరూరా పాడేవి. పాట కట్టినవారికి శ్రోతలెక్కడ అన్న ప్రశ్న అక్కడ తలెత్తలేదు. పద్యం రాసే యువకుని సంగతి వేరు. అతని రచన సంపాదకుని చేతికి చేరాలి, అచ్చు కావాలి. అప్పటిగ్గాని ఊరి పొలిమేర దాటి అతన్ని కవి అనేవారుండరు.

బార్డోలీ నాడు బొంబాయి రాజధానిలో భాగం. తెలుగు పత్రికల చరిత్రలో ఆ రాజధానికీ ఒక పుట ఉంది. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించింది బొంబాయి నగరంలోనే. 1914లో అది మద్రాసులో దినపత్రిక అయింది. 1924లో ఆయన భారతి మాసపత్రికను నెలకొల్పారు. 1991 వరకు నడిచిన భారతిలో పద్యం పడటమే కవికి యోగ్యతాపత్రంగా చెల్లిన కాలం తక్కువేమీ కాదు. కోస్తా జిల్లాల కుర్రవానికి పద్యం తిరిగి వస్తుందన్న భయం ఉండవచ్చు గాని, ఎక్కడికి పంపాలో తెలియని స్థితి లేదు.

నిజాం రాష్ట్రంలోని తెలుగువారి పరిస్థితి ఇది కాదు. జనాభాలో దాదాపు సగం వారే అయినా, పరిపాలనకూ ఉన్నత విద్యకూ భాష ఉర్దూ. 1922 ఆగస్టులో కొద్ది రోజుల తేడాతో రెండు వారపత్రికలు వెలువడ్డాయి: నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామనరసింహారావు నీలగిరి, ఇనుగుర్తి నుంచి ఒద్దిరాజు సోదరుల తెనుగు. పల్లెటూళ్ళో ముద్రణాలయం పెట్టి పత్రిక నడిపిన ఆ సోదరుల సాహసానికి మన సాహిత్య చరిత్రలు ఇచ్చిన చోటు చాలదని నా అభిప్రాయం. రెండూ కొద్ది సంవత్సరాలే నిలిచాయి. 1926 మే 10న సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో హైదరాబాదు నుంచి గోలకొండ పత్రిక మొదలైంది.

నిజాం రాష్ట్రంలో చెప్పుకోదగ్గ తెలుగు కవులు లేరని ఒక పండితుడు అన్న మాట ఆ తరువాతది. దానికి ప్రతాపరెడ్డి ఖండన వ్యాసంతో సరిపెట్టుకోలేదు. కవులు తమ పద్యాలనూ వివరాలనూ పంపవలసిందని పత్రికాముఖంగా కోరారు. 1934లో వెలువడిన గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులున్నారు. వారిలో కవయిత్రులు కూడా ఉన్నారు. వివిధ కులాలవారు, మారుమూల గ్రామాలవారు ఉన్నారు.

ఇక్కడ గమనించవలసింది సంఖ్య ఒక్కటే కాదు. ఆ కవులు సంచిక కోసం పుట్టుకొచ్చినవారు కారు. వారు అప్పటికే రాస్తున్నారు. పంపమని అడిగినవారే అరుదు. పత్రికలు లేని లోటును ఆ పండితుడు కవులు లేని లోటుగా చదివారు. రికార్డులో పేరు లేని రైతుకు భూమే లేదనుకునే పొరపాటు వంటిదే ఇది. దస్త్రాలతో పనిచేసేవారికి కొత్త కాదు.

సంచికలోని పద్యాలన్నీ ఒకే స్థాయివి కావు. పాతబాట పద్యాలు చాలా ఉన్నాయి. గుణమే ప్రమాణంగా ఏరివుంటే ఆ పుస్తకం చాలా పలచబడేది. కాని నాడు సంపాదకుని ముందున్న ప్రశ్న ఎవరు గొప్ప అన్నది కాదు, ఎవరున్నారన్నది. ఆ ప్రశ్నకు చేర్పే తగిన పద్ధతి, ఏరివేత కాదు. తొలి పద్యం పంపిన అనామకుడు పేరున్న పండితుని సరసన అచ్చయ్యే అవకాశం అలాగే కలిగింది. గోలకొండ పత్రిక 1966లో ఆగిపోయినా, తెలంగాణ సాహిత్య చరిత్ర రాసేవారు ఇప్పటికీ ముందు తెరిచేది ఆ సంచికనే.

బార్డోలీకి కూతవేటు దూరంలోని సూరత్ మరమగ్గాలను నమ్ముకుని తెలంగాణ జిల్లాల నుంచి వేలాది పద్మశాలి కుటుంబాలు వెళ్ళి స్థిరపడ్డాయి. వారి పిల్లల కోసం అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు నెలకొల్పింది. గుజరాత్‌లో తెలుగు కవులున్నారా అని ఎవరైనా అడిగితే, జవాబు చెప్పేముందు మనం వెతకవలసింది 1934 నాటి ఆ పత్రికా ప్రకటన వంటిది అక్కడ ఎవరు వేశారన్నదే.