లెక్కలకి పుస్తకం దొరికింది, వంటకి దొరకలేదు: రామానుజన్ గదిలో రెండు చదువులు

నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలు రెండున్నాయి. ఒకటి: "అన్నా, మ్యాథ్స్ నిజంగా అర్థం కావాలంటే ఏ పుస్తకం చదవాలి, ఏ వీడియోలు చూడాలి?" రెండోది ఈమధ్యే మొదలైంది: "వీగన్ అవుదామనుకుంటున్నా, వంట ఎక్కడ నేర్చుకోవాలి?"

హిస్టరీ ఎపిసోడ్‌లో ఇవెందుకు అంటారా? ఈ రెండు ప్రశ్నలూ వందేళ్ల కిందట ఒకే గదిలో కలిశాయి. ఇంగ్లండ్‌లో, కేంబ్రిడ్జ్ ట్రినిటీ కాలేజీలో ఒక గది. ఒక పక్క కాగితాల మీద లెక్కలు, ఇంకో పక్క స్టవ్ మీద గిన్నె. ఆ గదిలో ఉన్నది శ్రీనివాస రామానుజన్. ఒక చదువులో ఆయనకి మంచి పుస్తకం దొరికింది, తర్వాత మంచి మనుషులు దొరికారు. రెండో దాంట్లో రెండూ దొరకలేదు. ఆ తేడా ఎంత దూరం తీసుకెళ్లిందో చూద్దాం. చివర్లో నా రికమెండేషన్స్ కూడా చెప్తాను.

ముందు పుస్తకం సంగతి. రామానుజన్ 1887 డిసెంబర్ 22న ఈరోడ్‌లో పుట్టాడు, కుంభకోణంలో పెరిగాడు. 1903లో, అంటే మన లెక్కలో టెన్త్ వయసులో, ఆయన చేతికి ఒక పుస్తకం వచ్చింది. రాసింది జార్జ్ షూబ్రిడ్జ్ కార్. ఈ కార్ పెద్ద గణిత శాస్త్రవేత్తేం కాదు. లండన్‌లో ట్యూషన్లు చెప్పుకునే మాస్టారు. కేంబ్రిడ్జ్ డిగ్రీ పరీక్షకి పిల్లల్ని తయారుచేసేవాడు. ఆ ట్యూషన్ల కోసం తయారుచేసుకున్న నోట్సే 1880, 1886లలో రెండు భాగాల పుస్తకంగా వచ్చింది. సూటిగా చెప్పాలంటే అది కోచింగ్ మెటీరియల్. మన ఇంటర్ కాలేజీల్లో ఇచ్చే ఫార్ములా బుక్‌కి ముత్తాత అనుకోండి.

అందులో సుమారు 5,000 ఫలితాలు నంబర్లు వేసి వరసగా ఉంటాయి. ఆల్జీబ్రా, ట్రిగొనామెట్రీ, కాల్‌క్యులస్, జామెట్రీ. ప్రూఫ్‌లు మాత్రం చాలా చోట్ల ఉండవు. ఉన్నా ఒకటి రెండు లైన్లలో సూచనలాగా ఉంటాయి. మామూలు స్టూడెంట్ దాన్ని బట్టీ పట్టి పరీక్ష రాస్తాడు. రామానుజన్ ఒక్కో ఫలితాన్నీ ఒక సవాల్‌గా తీసుకున్నాడు. "ఇది నిజమేనా? ఎందుకు నిజం?" అని తనే తేల్చుకుంటూ పోయాడు. కాగితం ఖర్చు భరించలేక పలక మీద చేసి, మోచేత్తో తుడిచేసి, ఆఖరి ఫలితం మాత్రం నోట్‌బుక్‌లో రాసుకునేవాడు. ఆ నోట్‌బుక్స్ కూడా కార్ పుస్తకంలాగే ఉంటాయి: వరసగా ఫలితాలు, ప్రూఫ్ దాదాపు ఉండదు. వాటిలో ఉన్నవాటికి ప్రూఫ్‌లు సమకూర్చి బ్రూస్ బర్న్‌ట్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 1985 నుంచి 1998 దాకా ఐదు సంపుటాలు వేశాడు.

ఇక్కడ మొదటి విషయం గమనించండి. ఆ పుస్తకం గొప్పదై పని చేయలేదు. అందులో ఖాళీలున్నాయి, వాటిని నింపే కుర్రాడి చేతికి వచ్చింది కాబట్టి పనిచేసింది.

అయితే పుస్తకం ఒక్కటే సరిపోయిందా? సరిపోలేదు. 1904లో కుంభకోణం గవర్నమెంట్ కాలేజీలో స్కాలర్‌షిప్ వచ్చింది. లెక్కలు తప్ప ఇంకేదీ చదవక ఇంగ్లీషులో ఫెయిలై అది పోగొట్టుకున్నాడు. 1905లో ఇంట్లో చెప్పకుండా రైలెక్కి వెళ్లిపోయాడు. ఎక్కడికో తెలుసా? మన విశాఖపట్నానికి. మద్రాసుకి ఉత్తరాన 600 కిలోమీటర్లకు పైనే. పదిహేడేళ్ల కుర్రాడు, పరీక్ష పోయింది, ఊరు వదిలేశాడు. ఆ తర్వాత మద్రాసు పచ్చయ్యప్ప కాలేజీలో చేరాడు, ఎఫ్.ఏ. పరీక్ష మళ్లీ తప్పాడు. రిజల్ట్స్ రోజున మన ఇళ్లల్లో జరిగేవి చూసినవాళ్లకి ఇది కొత్త కథేం కాదు. 1912లో మద్రాసు పోర్ట్ ట్రస్ట్‌లో గుమాస్తాగా చేరాడు, జీతం నెలకి 30 రూపాయలు.

1913 జనవరిలో కేంబ్రిడ్జ్‌లోని జి.హెచ్. హార్డీకి ఉత్తరం రాశాడు. 1914 మార్చి 17న మద్రాసులో ఓడ ఎక్కాడు. అక్కడ ఆయనకి పుస్తకం ఇవ్వలేనిది దొరికింది: పక్కన కూర్చుని "ఇది కరెక్టే, కానీ ఎందుకు? ఇక్కడ ఒక మెట్టు తప్పింది చూడు" అనే మనిషి. హార్డీ, లిటిల్‌వుడ్ ఇద్దరూ ఆ పని చేశారు. 1918లో హార్డీ, రామానుజన్ కలిసి వేసిన పేపర్ చూడండి. ఒక సంఖ్యని ఎన్ని రకాలుగా కూడికగా రాయొచ్చు అనేది ప్రశ్న. 4ని ఐదు రకాలుగా రాయొచ్చు: 4, 3+1, 2+2, 2+1+1, 1+1+1+1. మరి 200ని? దాదాపు 4 లక్షల కోట్ల రకాలు. అంత పెద్ద సంఖ్యని కూడా వాళ్ల పద్ధతి సరిగ్గా పట్టుకుంది. ఆ ఊహ, ఆ పద్ధతి కలిస్తేనే ఆ పేపర్ వచ్చింది. ఒంటరిగా ఇద్దరిలో ఎవరివల్లా అయ్యేది కాదని చాలామంది గణితజ్ఞుల మాట.

ఇప్పుడు స్టవ్ దగ్గరికి వద్దాం. రామానుజన్ నిష్ఠగా ఉండే వైష్ణవ బ్రాహ్మణ కుటుంబం నుంచి వచ్చాడు. మాంసం, గుడ్డు ముట్టడు. వండేది ఎవరన్నది కూడా ఆ ఇళ్లల్లో పట్టింపే. కాలేజీ డైనింగ్ హాల్లో తినలేక గదిలో తనే వండుకున్నాడు. మద్రాసు నుంచి చింతపండులాంటి సరుకులు పార్సిళ్లలో రావాలి. ఊళ్లో ఉన్నప్పుడేమో, కొడుకు లెక్కలు ఆపకూడదని అమ్మ అన్నం ముద్దలు కలిపి చేతిలో పెట్టేదట.

ఆ స్టవ్ దగ్గర జరిగిన ఒక ముచ్చట చెప్తాను. అప్పుడు కేంబ్రిడ్జ్‌లోనే చదువుతున్న పి.సి. మహలనోబిస్ ఈ గదికి వస్తుండేవాడు. తర్వాత ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టింది ఆయనే. ఒకరోజు రామానుజన్ గిన్నెలో కూరగాయలు కలుపుతున్నాడు. మహలనోబిస్ పత్రికలో వచ్చిన పజిల్ చదివాడు. ఒక పొడవాటి వీధి, ఇళ్లకి 1, 2, 3 అని వరస నంబర్లు. ఒకాయన ఇంటికి ఒక పక్కనున్న నంబర్లన్నీ కూడితే ఎంతో, రెండో పక్కవి కూడినా అంతే. వీధిలో ఇళ్లు 50కి పైన, 500 లోపల. ఆ ఇంటి నంబరెంత?

మహలనోబిస్ కాసేపు తిప్పలుపడి జవాబు పట్టుకున్నాడు. రామానుజన్ గరిటె తిప్పుతూనే ఒక కంటిన్యూడ్ ఫ్రాక్షన్ చెప్పి రాసుకోమన్నాడు. అందులో ఈ ఒక్క వీధి జవాబే కాదు, ఇలాంటి వీధులన్నిటి జవాబులూ వరసగా ఉన్నాయి.

మీరే చేసి చూడండి. 1 బై 1తో మొదలుపెట్టండి. పై సంఖ్య, కింది సంఖ్య కలిపితే కొత్త కింది సంఖ్య. పై సంఖ్యకి కింది సంఖ్యని రెండుసార్లు కలిపితే కొత్త పై సంఖ్య. వరసగా 3 బై 2, 7 బై 5, 17 బై 12 వస్తాయి. ఇవి రూట్ 2కి అంతకంతకూ దగ్గరవుతాయి. ఇప్పుడు పైదాన్నీ కిందదాన్నీ గుణించండి: 6, 35, 204. అవే ఇంటి నంబర్లు! 8 ఇళ్ల వీధిలో 6వ ఇల్లు: 1 నుంచి 5 దాకా కూడితే 15, 7కి 8 కలిపినా 15. పజిల్ అడిగింది 288 ఇళ్ల వీధి, జవాబు 204.

అదే రామానుజన్ ఆ గదిలో ఎలా బతికాడో కూడా చూడాలి. చలికి రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదని, ఓవర్‌కోట్ వేసుకుని పడుకుంటున్నానని చెప్పాడట. మహలనోబిస్ వెళ్లి చూస్తే పరుపు మీద దుప్పట్లన్నీ నీట్‌గా మడతపెట్టి దోపి ఉన్నాయి. వాటి లోపలికి దూరి పడుకోవాలని రామానుజన్‌కి తెలీదు, పైనే పడుకుంటున్నాడు. దుప్పట్లు ఉన్నాయి, వాడే పద్ధతి చెప్పిన మనిషి లేడు. ఈ మొత్తం ఎపిసోడ్‌లో మీరు ఒక్క విషయం గుర్తుంచుకుంటే ఇది గుర్తుంచుకోండి.

తిండి విషయంలోనూ అంతే. ఒకసారి ఒక భారతీయ విద్యార్థినీ, అతనికి కాబోయే భార్యనీ భోజనానికి పిలిచి రసం వడ్డించాడు. మళ్లీ మళ్లీ వడ్డించబోతే ఆమె ఇక చాలంది. కాసేపటికి చూస్తే రామానుజన్ గదిలో లేడు. కొన్ని రోజుల తర్వాత ఆక్స్‌ఫర్డ్ నుంచి టెలిగ్రాం వచ్చింది. తను చేసిన వంట వద్దన్నారని అంత నొచ్చుకున్నాడు. పలకరించే ఇల్లు దగ్గర్లో లేని మనిషికి ఆ రసం ఒక్కటే ఇల్లు.

పైగా యుద్ధం. ఆయన వెళ్లిన ఏడాదే మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. సరుకులు కష్టమయ్యాయి, వేళాపాళా లేని తిండి. 1917లో జబ్బు చేసింది. ఆ తర్వాత ఎక్కువ కాలం శానిటోరియంలలోనే. 1919లో ఇండియాకి తిరిగొచ్చాడు, 1920 ఏప్రిల్ 26న మద్రాసులో చనిపోయాడు. 32 ఏళ్లు. అప్పటి డాక్టర్లు టీబీ అన్నారు. 1994లో ఒక పరిశోధకుడు పాత రికార్డులు చూసి కాలేయానికి సోకిన అమీబా జబ్బు అయ్యుండొచ్చన్నాడు. కాబట్టి శాకాహారమే చంపేసిందని ఎవరైనా అంటే నమ్మకండి. కానీ జబ్బు మనిషికి సరైన తిండి అందలేదన్నది నిజం.

"ఇంగ్లండ్‌లో శాకాహారం కష్టం కదా, ఎవరైనా ఏం చేస్తారు?" అనొచ్చు. అయితే ఇంకో కుర్రాణ్ణి చూడండి. 1888లో లండన్ వెళ్లిన గాంధీ. మాంసం ముట్టనని అమ్మకి మాటిచ్చాడు. మొదట్లో ఆయనకీ ఆకలే. వీధులన్నీ తిరిగి తిరిగి ఫారింగ్డన్ స్ట్రీట్‌లో ఒక శాకాహార హోటల్ కనుక్కున్నాడు. అక్కడే హెన్రీ సాల్ట్ శాకాహారం గురించి రాసిన పుస్తకం కొన్నాడు. లండన్ వెజిటేరియన్ సొసైటీలో చేరి కమిటీ మెంబరయ్యాడు. గదిలో స్టవ్ పెట్టుకుని ఓట్ గంజి కాచుకున్నాడు. హోటల్, పుస్తకం, సంఘం: మూడూ దొరికాయి. ఇద్దరి నియమాలూ ఒకటి కాదు, యుద్ధం తేడా కూడా ఉంది. అయినా పక్కన మనుషులుంటే ఎంత మారుతుందో తెలుస్తోంది.

ఇక్కడ వీగన్ సంగతి. రామానుజన్ వీగన్ కాదు, మన శాకాహారంలో పాలు, పెరుగు, నెయ్యి ఉంటాయి. గాంధీ 1912లో దక్షిణాఫ్రికాలో పాలు మానేశాడు. తర్వాత తీవ్రంగా జబ్బుపడి మేకపాలకి ఒప్పుకున్నాడు, అది ఆయన్ని బాధపెడుతూనే ఉంది. "వీగన్" అనే మాట పుట్టింది 1944లో, ఇంగ్లండ్‌లో డోనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రుల దగ్గర. బి12 విటమిన్‌ని సైంటిస్టులు విడదీసి చూసింది 1948లో. అంటే మొదటి వీగన్లకి తమ తిండిలో ఏది తగ్గుతోందో చెప్పే పుస్తకమే లేదు. మీకు ఆ ఇబ్బంది లేదు: మొక్కల తిండిలో బి12 నమ్మకంగా దొరకదు. వీగన్ అయితే డాక్టర్‌ని అడిగి సప్లిమెంట్ తీసుకోవాల్సిందే.

ఇక నా రికమెండేషన్స్. లెక్కలకి: ముందు ఎన్సీఈఆర్టీ పుస్తకాలు, ఫ్రీగా డౌన్‌లోడ్ అవుతాయి. బొమ్మలతో అర్థం కావాలంటే యూట్యూబ్‌లో త్రీబ్లూవన్‌బ్రౌన్ కాల్‌క్యులస్ సిరీస్. ఖాళీలు నింపడం అలవాటవ్వాలంటే ప్రాజెక్ట్ ఆయిలర్. అందులో 57వ ప్రాబ్లమ్ మనం ఇప్పుడు చూసిన రూట్ 2 భిన్నాలే, కోడ్ వచ్చినవాళ్లకి పండగ. కార్ పుస్తకం ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉంది, ఒక పేజీ తెరిచి చూడండి. రామానుజన్ జీవితానికి రాబర్ట్ కనిగెల్ 1991లో రాసిన పుస్తకం.

వంటకి: కొత్త రెసిపీల కంటే ముందు మీ ఇంటి వంటగది చూడండి. పచ్చిపులుసు, చింతపండు పులిహోర, గోంగూర పచ్చడి, నువ్వులు పల్లీలు వేసిన గుత్తివంకాయ, సర్వపిండి. నెయ్యి తగలకపోతే ఇవన్నీ వీగనే. ముద్దపప్పులో నెయ్యికి బదులు నువ్వుల నూనె, పెరుగుకి బదులు పల్లీపాలతో తోడుపెట్టిన పెరుగు. ఏ పప్పులో ఎంత ప్రోటీన్, ఏ ఆకులో ఎంత ఐరన్ అనేదానికి హైదరాబాద్ తార్నాకలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ న్యూట్రిషన్ వాళ్ల ఆహార పట్టికలు, 2024 డైటరీ గైడ్‌లైన్స్ ఉన్నాయి.

ఇవన్నీ దుప్పట్లే. లోపలికి ఎలా దూరాలో చూపించే ఒక మనిషిని కూడా వెతుక్కోండి. క్లాస్‌మేట్ కావచ్చు, అమ్మమ్మ కావచ్చు. ఈ వారం పని ఇదీ: 17 బై 12 తర్వాత వచ్చే భిన్నం ఏంటి, ఇంటి నంబరెంత? హాస్టల్లో ఒంటరిగా ఉన్న ఫ్రెండ్‌ని భోజనానికి పిలిచి, పచ్చిపులుసు కలుపుతూ ఇద్దరూ కలిసి చేయండి. వద్దన్నా ఇంకో గరిటె వడ్డించండి.